ఒకటో తారీఖు రాని ఇళ్లు

2019 అక్టోబరు 6. సద్దుల బతుకమ్మ. రామంతాపూర్ టీవీ స్టేషన్ చుట్టుపక్కల గల్లీల్లో తంగేడు, గునుగు పేరుస్తున్న ఆ రోజుకు ఆర్టీసీ సమ్మె మొదలై రెండో రోజు. ముందురోజు సాయంత్రం ఆరు గంటల్లోగా డిపోకు రానివాళ్లు ఉద్యోగం తామే వదులుకున్నట్టు లెక్క అని ప్రభుత్వం చెప్పేసింది. ఆ ఒక్క మాటతో దాదాపు 48 వేల ఇళ్లు జీతం లేని ఇళ్లయ్యాయి. కష్టపడి చేసిన సెప్టెంబరు నెల జీతం కూడా చేతికి రాలేదు. దానికోసం హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

ఉప్పల్ డిపో మాకు దగ్గర. తార్నాకలో ఆర్టీసీ ఆస్పత్రి ఉంది. ఈ రెంటి మధ్య రామంతాపూర్, హబ్సిగూడల్లో కండక్టరో, డ్రైవరో, మెకానిక్కో లేని వాడకట్టు దొరకడం కష్టం. ఆర్టీసీ కొలువంటే పెద్ద జీతమేమీ కాదు. దాని విలువంతా ఒకటో తారీఖులో ఉంది. ఆ తారీఖును చూసే ఓనరు ఇల్లు కిరాయికిస్తాడు. కిరాణా షాపతను ఉద్దెర ఖాతా రాస్తాడు. చిట్టీ నడిపే ఆమె ఇరవై మందిలో ఒకరిగా కలుపుకుంటుంది. స్కూలువాళ్లు ఫీజు కోసం ఇంకో నెల ఆగుతారు. జీతం ఆగితే ఈ నమ్మకాలన్నీ ఒకేసారి కదులుతాయి. కష్టకాలానికని జీతంలోంచి నెలనెలా కోయించుకున్న పరపతి సహకార సంఘం సొమ్ము సంగతి కూడా కోర్టుకే చేరింది. ఆపదకు దాచుకున్నది ఆపద వచ్చినప్పుడు చేతికి అందలేదు.

సమ్మె 52 రోజులు సాగింది. దసరా, దీపావళి, కార్తీక పౌర్ణమి అందులోనే వెళ్లిపోయాయి. మధ్యలో నవంబరు 5 అర్ధరాత్రి అని ఇంకో గడువు పెట్టారు, దానికి చేరినవాళ్లు కొద్దిమందే. ప్రాణాలు పోయాయి. నవంబరు 25న కార్మిక సంఘాల జేఏసీ సమ్మె విరమించింది. మర్నాడు పొద్దున్నే యూనిఫాం వేసుకుని డిపోలకు వెళ్లినవాళ్లను గేట్ల దగ్గరే ఆపేశారు. ఇటు సమ్మె లేదు, అటు ఉద్యోగమూ లేదు. 28న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రమ్మని చెప్పాక 29న డ్యూటీ ఎక్కారు.

మా గల్లీలో ఒక కండక్టర్ కుటుంబం ఉంది. ఆ 52 రోజులూ వాళ్లు ఎలాగో దాటారు. ఆయన రాత్రిళ్లు క్యాటరింగ్ వాళ్లతో వడ్డనకు వెళ్లాడు. ఆమె చీరలకు ఫాల్స్ కుట్టింది. గాజులు బ్యాంకు లాకరుకు చేరాయి, అప్పుకింద. ఇదంతా చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో పెద్ద బాధేమీ ఉండదు. గేటు దగ్గరి నుంచి వెనక్కి పంపిన ఆ మూడు రోజుల సంగతి వస్తే మాత్రం ఇద్దరూ మాట తప్పిస్తారు. సమ్మెలో ఉన్నన్నాళ్లూ పొద్దున్నే వెళ్లడానికి ఒక టెంటు ఉండేది, పక్కన నలుగురు ఉండేవాళ్లు, ఇంటికొచ్చి చెప్పడానికి ఏదో ఒక వార్త ఉండేది. ఆ మూడు రోజులు మాత్రం ఇక ఎన్నాళ్లు అన్నదానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఉద్యోగం పోయిన ఇళ్ల గురించి మనం మామూలుగా మాట్లాడే తీరు ఒకటుంది. ధైర్యంగా ఉండాలి, నమ్మకం కోల్పోవద్దు, మంచిరోజులొస్తాయి. చెప్పేవాళ్లకు ఖర్చు లేని మాటలు. డబ్బు లేని నెలలను ఇల్లు ఎలాగోలా నెట్టుకొస్తుంది. ఎప్పటిదాకా అన్నది తెలియకపోవడమే దాన్ని పడగొడుతుంది. ఈ కథనం ఆ తేదీ గురించి.

మళ్లీ మార్చి వచ్చింది

2019 డిసెంబరు 1న ప్రగతి భవన్‌కు కార్మికులను పిలిచి సమ్మె కాలానికీ జీతం ఇస్తామన్నారు, రిటైర్మెంటు వయసు 58 నుంచి 60కి పెంచుతామన్నారు. కార్మికులు ఊపిరి పీల్చుకున్నారు. నాలుగు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చింది. హైదరాబాద్‌లో సిటీ బస్సు మళ్లీ రోడ్డెక్కింది 2020 సెప్టెంబరు 25న.

అప్పటికి బస్సువాళ్ల కంటే చిక్కుల్లో పడ్డవాళ్లు వేరే ఉన్నారు. ప్రైవేటు స్కూళ్ల టీచర్లు. రామంతాపూర్‌లో ప్రతి రెండు వీధులకూ ఒక ప్రైవేటు స్కూలుంది. వాటిలో చెప్పే సార్లకూ మేడమ్‌లకూ సమ్మె లేదు, యూనియన్ లేదు, పీఎఫ్ సైతం చాలామందికి లేదు. 2020 మార్చిలో స్కూళ్లు మూతపడ్డాయి. 2021 ఫిబ్రవరి 1న పెద్ద తరగతులకు తెరిచారు, మార్చి ఆఖర్లో మళ్లీ మూసేశారు. ఈలోపు లెక్కల సార్ అరటిపళ్ల బండి పెట్టాడు, తెలుగు మేడమ్ ఇంట్లో పచ్చళ్లు పట్టింది. పీజీలు చేసిన మాస్టార్లు ఉపాధి హామీ మట్టిపనికి వెళ్లారని పత్రికలు రాశాయి. పాత విద్యార్థి తల్లి పళ్లు కొనడానికి వస్తే ముఖానికున్న మాస్కు ఇంకాస్త పైకి లాక్కున్నవాళ్లున్నారు. ఆ రోజుల్లో మాస్కు చేసిన మేలు అదొకటి.

2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు పొందిన ప్రైవేటు స్కూళ్ల టీచర్లకు, ఇతర సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించింది. స్కూళ్లు తెరిచేదాకా అని. సెప్టెంబరు 1న తెరిచారు. రెండు వేలతో హైదరాబాద్‌లో ఒక గది కిరాయి కూడా రాదు. అయినా ఆ సాయం ఒక పని చేసింది. ఫలానా రోజుకు ఇంట్లో బియ్యం ఉంటాయన్న లెక్క వచ్చింది. వంటగది డబ్బాలో బియ్యం అడుగంటే రోజు తెలిసిన మనిషికి అదెంత పెద్ద లెక్కో తెలుస్తుంది.

మరియెంతాల్‌లో ఏం జరిగింది?

తొంభై ఏళ్ల కిందటి ఒక పుస్తకం ఇక్కడ పనికొస్తుంది. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లో మరియెంతాల్ అనే ఊరు. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. 1929 ఆర్థిక మాంద్యంలో ఆ మిల్లు మూతపడింది. మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ సైసెల్ అనే ముగ్గురు పరిశోధకులు తమ బృందంతో అక్కడికి వెళ్లి, ఊళ్లో కలిసిపోయి, జనం ఏం తింటున్నారో, పొద్దంతా ఏం చేస్తున్నారో రాసుకున్నారు. 1933లో అచ్చయిన ఆ అధ్యయనం నిరుద్యోగం గురించి ఇప్పటికీ చదవాల్సిన పుస్తకం.

వాళ్లు గమనించిన వాటిలో ఒకటి: మగవాళ్ల నడక మందగించింది. బజారు దాటడానికి మధ్యలో ఎన్నోసార్లు ఆగుతున్నారు. వెళ్లాల్సిన చోటు లేదు కాబట్టి తొందరా లేదు. ఆడవాళ్లు మాత్రం గబగబా నడుస్తున్నారు. మిల్లు ఉద్యోగం పోయినా పొయ్యి, పిల్లలు, ఉతుకుడు వాళ్లకు తప్పలేదుగా. ఇంకో సంగతి: చదువుకోవడానికి బోలెడంత సమయం దొరికినా ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకెళ్లేవాళ్లు బాగా తగ్గిపోయారు. పని పోవడంతో పాటు రోజుకున్న ఆకారం పోయింది. ఇవాళ మంగళవారమా, గురువారమా అన్న పట్టింపు పోయింది.

మూడో సంగతి మన ధైర్యవచనాల వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది. ఆ ఊరి ఇళ్లను పరిశోధకులు నాలుగు రకాలుగా విడదీశారు: నిలబడినవి, సర్దుకుపోయినవి, నిరాశలో పడినవి, చతికిలపడినవి. ఆ ఇళ్ల రాబడి చూస్తే, మనిషి లెక్కన నెలకు సగటున 34 షిల్లింగులున్న ఇళ్లు నిలబడ్డాయి. 30కి దిగినవి సర్దుకుపోయాయి. 25కి నిరాశ, 19కి చతికిల. గుణగణాల తేడా అనుకున్నది చాలావరకు పదిహేను షిల్లింగుల తేడా. ఆశ పోగొట్టుకున్నవాడిది మనోబలం లేకపోవడం అనేముందు అతని జేబు సంగతి కనుక్కోవడం మర్యాద.

క్యాంపస్‌లో కుర్చీ దొరకదు

మరియెంతాల్ గ్రంథాలయం ఖాళీ అయింది. ఉస్మానియాలో అందుకు పూర్తి తలకిందులు. తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్‌లోకి నడిస్తే, 1918లో పుట్టిన ఈ యూనివర్సిటీలో తెల్లారకముందే లైబ్రరీ ముందు సంచులు వరసలో కనిపిస్తాయి. సంచి ఉందంటే మనిషి ఉన్నట్టే లెక్క. చెట్ల కింద, ల్యాండ్‌స్కేప్ గార్డెన్‌లో, 1939లో తెరిచిన ఆ రాతి ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కరెంట్ అఫైర్స్ కాగితాలు పట్టుకున్న పిల్లలు. పిల్లలంటున్నాను గానీ చాలామందికి ముప్పై దాటింది. హాస్టల్లో సీటు లేక స్నేహితుడి గదిలో తలదాచుకునేవాడిని నాన్‌బోర్డర్ అంటారు. ఒక మంచం, రెండు పరుపులు, ముగ్గురు మనుషులు.

ఇక్కడి నిరుద్యోగం పనిలాగే కనిపిస్తుంది. దానికి టైంటేబుల్ ఉంది, సిలబస్ ఉంది, మాక్ టెస్టు ఉంది. అందుకే మరియెంతాల్ మగవాళ్లలాగా వీళ్ల నడక మందగించదు. మరి వీళ్ల రోజును నిలబెట్టే ఆ పరీక్ష తేదీయే వెనక్కి జరిగిపోతే?

గ్రూప్-2 సంగతి చూడండి. 783 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 అన్నారు. తర్వాత నవంబరు 2, 3 అన్నారు. తర్వాత 2024 జనవరి 6, 7. తర్వాత ఆగస్టు 7, 8. చివరికి జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. వాయిదాల్లో కొన్నిటిని అభ్యర్థులే పోరాడి తెచ్చుకున్నారు, వేరే పరీక్షల తేదీలు మీద పడుతున్నాయని. ఆ పోరాటం న్యాయమైనదే. కానీ నల్గొండ నుంచో ఆదిలాబాద్ నుంచో నెలనెలా డబ్బు పంపే తండ్రి ఆ పంట డబ్బుల లెక్కను ఎన్నిసార్లు తిరగరాసుకోవాలి?

గ్రూప్-1 ఇంకా దారుణం. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులకు. అక్టోబరు 16న ప్రిలిమ్స్ పెట్టారు. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్, ఆపైన మళ్లీ కోర్టులు. ఎంపికైనవాళ్ల చేతికి నియామక పత్రాలు 2025 సెప్టెంబరులో వచ్చాయి. మూడున్నరేళ్లు. ఈ మధ్యలో ఎన్ని పెళ్లిసంబంధాలు వెనక్కిపోయాయో ఏ కమిషనూ లెక్క రాయదు.

వయోపరిమితి విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. 2022లో గరిష్ఠ వయసును 34 నుంచి 44కు, 2024లో 46కు పెంచారు. ఏళ్ల తరబడి నోటిఫికేషన్లు రాని చోట అది న్యాయమే, అడిగినవాళ్లు సరిగ్గానే అడిగారు. కానీ తేదీకి పరీక్ష పెట్టడం చేతగాక వయసు పెంచితే, ప్రభుత్వం తన బాకీని అభ్యర్థి యవ్వనంలోంచి తీర్చుకున్నట్టే. దసరాకు ఊరికి పోని పిల్లలు ఈ హాస్టళ్లలో ఎందుకుంటారో అడగక్కర్లేదు. పోతే "ఏమైంది బిడ్డా?" అంటారు. అడిగేవాళ్లది ప్రేమే. జవాబు లేదు, అంతే.

వారానికి ఒక రోజు

ఇలాంటి ఇళ్లను దేవుడు ఆదుకుంటాడా అన్న చర్చలోకి నేను పోను. నమ్మినవాళ్లకు అది నిజం, నమ్మనివాళ్లకు కాదు. కానీ రామంతాపూర్ గల్లీల్లో ఇన్నేళ్లుగా చూసినదాంట్లో ఒకటి మాత్రం కళ్లకు కనిపిస్తుంది. నౌకరీ పోయినవాడికి వారంలో ఏడు రోజులూ ఒకేలా ఉంటాయి. శనివారం గుడి, శుక్రవారం జుమ్మా, ఆదివారం ఆరాధన ఉన్నవాడికి అలా ఉండవు. స్నానం చేయాలి, ఉతికిన బట్ట కట్టుకోవాలి, నలుగురిలోకి వెళ్లాలి. అక్కడ ఎవరో ఒకరు "మా బావమరిది కంపెనీలో ఖాళీ ఉందట" అంటారు. ఉద్యోగాల సమాచారం నడిచే దారుల్లో ప్రసాదం వరస చాలా పాతది.

గండిపేట దగ్గర చిలుకూరు బాలాజీ గుడికి ఉద్యోగార్థులు, వీసా కోసం తిరిగేవాళ్లు ఎందుకంతగా వెళతారో కూడా ఇలాగే అర్థమవుతుంది. అక్కడ హుండీ లేదు, జేబులో డబ్బు లేనివాడు తల దించుకోనక్కర్లేదు. కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. చేయాల్సిన పని ఎంతో లెక్క ఉంది, అది ఎవరి దయ మీదా ఆధారపడలేదు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న నిరుద్యోగిని చూడండి. నలభై ఒక్క రోజులు చీకటితో లేవాలి, చన్నీళ్ల స్నానం, పూజ, సాయంత్రం భజన. తాగుడు బంద్. మధ్యాహ్నం భిక్షకు ఎవరో ఒకరు పిలుస్తారు, అందులో చిన్నతనం లేదు, స్వామిని పిలవడం వాళ్లకే పుణ్యం. చర్చిల్లో ఉపవాస ప్రార్థనలప్పుడు ప్రార్థన మనవి చెప్పుకుంటారు: నా భర్తకు పని లేదు, ప్రార్థించండి. ఇంటి గుట్టుగా ఉంచిన మాట ఆ ఒక్క చోట పైకి వస్తుంది. పక్కన కూర్చున్న ఆమె వెళ్లేటప్పుడు చేతిలో ఐదొందలు పెట్టిపోతుంది. మౌలాలి గుట్ట ఎక్కి దారం కట్టి వచ్చేవాళ్లలో ముస్లిములే కాదు, అన్ని మతాలవాళ్లూ ఉంటారు.

ఇదే బాటలో మోసమూ ఉంది. "ఈ నెలాఖరుకల్లా నీకు కొలువు" అని మైకులో చెప్పే ప్రవక్తలు, గ్రహశాంతికి ఇంత అని ధర చెప్పే జ్యోతిష్కులు, రెండు లక్షలు కడితే ఐటీ కంపెనీలో బ్యాక్‌డోర్ ఉద్యోగం అని అమీర్‌పేటలో కూర్చోబెట్టే కన్సల్టెన్సీలు. వీళ్లంతా ఒకే సరుకు అమ్ముతారు. తేదీ. తేదీ లేని మనిషికి దాన్ని ఎంతకైనా అమ్మొచ్చని వాళ్లకు తెలుసు. రోజుకు ఒక ఆకారం ఇచ్చే భక్తికీ, ఫలానా రోజుకు ఫలితం అని అమ్మే భక్తికీ మధ్య గీత గీసుకోవాల్సింది ఇంట్లోవాళ్లే. గుర్తు ఒకటే, డబ్బు అడిగితే అది రెండో రకం.

ఏడు రోజుల అప్పు

అప్పుల్లోనూ తేదీదే పెత్తనం. చేబదులుకు గడువు ఉండదు, మొహమాటం ఉంటుంది. చిట్టీకి నెల ఉంటుంది. బంగారం కుదువపెడితే మిత్తి కడుతూ ఏడాది లాగొచ్చు. ఫోన్‌లో దొరికే అప్పుకు ఏడు రోజులు. లాక్‌డౌన్ దెబ్బ తిన్న ఇళ్లలోకి 2020లో ఈ లోన్ యాప్‌లు ఎలా జొరబడ్డాయో, ఫోన్‌లోని కాంటాక్టులన్నిటికీ మెసేజ్‌లు పెట్టి మనుషులను ఎలా చంపాయో హైదరాబాద్‌కు తెలుసు. ఆ డిసెంబరులో ఇక్కడి పోలీసులు కేసులు పెట్టాకే దేశమంతా కళ్లు తెరిచింది. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధనలు తెచ్చింది: అప్పు నేరుగా ఖాతాలోనే పడాలి, యాప్ మన కాంటాక్టులను తాకకూడదు. తాకే యాప్ ఏదైనా అది దొంగదే. వలలో పడితే 1930కి ఫోన్ చేయాలి.

మన హబ్సిగూడ, తార్నాక పెద్దిళ్లకూ ఈ గడువుల బాధ తప్పలేదు. అమెరికాలో హెచ్-1బీ మీదున్న కొడుకు ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. ఇక్కడ అమ్మానాన్న క్యాలెండర్‌లో ఆ రోజులు కొట్టేసుకుంటూ కూర్చుంటారు, పక్కింటివాళ్లకు చెప్పకుండా.

చెప్పకుండా అన్నచోటే అసలు చిక్కు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ టిఫిన్ డబ్బా కట్టించుకుని బయల్దేరి, సాయంత్రందాకా పార్కులోనో రైల్వే స్టేషన్లోనో కూర్చునివచ్చే మగవాళ్లు ఈ నగరంలో ఉన్నారు. భార్యకు కనిపెట్టడానికి వారం పట్టదు. ఆమె అడగదు, అతను చెప్పడు. పిల్లలకు ఇంట్లో ఏదో జరుగుతోందని తెలుస్తుంది, ఏమిటో తెలియదు. అప్పుడు ఆ ఇంట్లో మూడు భయాలు వేరువేరుగా కాపురం చేస్తాయి. నేను చూసినంతలో నిలబడిన ఇళ్లన్నీ లెక్క పుస్తకం బల్ల మీద పెట్టిన ఇళ్లే. ఎంత ఉంది, ఎన్ని నెలలకు వస్తుంది, ఏది ముందు ఆపాలి. పదో తరగతి పిల్లకు కూడా ఆ లెక్క చూపించారు. ఆ పిల్ల ట్యూషన్ మానేస్తానంది. వద్దన్నారు, కేబుల్ కనెక్షన్ తీసేశారు.

అలాంటి లెక్కలోకి సర్కారు ఇచ్చేది కూడా సిగ్గుపడకుండా రాసుకోవాలి. 2025 ఉగాది నుంచి రేషన్ షాపులో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. 2014లో మొదలైన ఐదు రూపాయల భోజనం ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్ పేరుతో దొరుకుతోంది. ఆ వరసలో టక్ చేసుకున్న చొక్కాలు కూడా నిలబడతాయి, ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు.

ఇక అడగాల్సినవాళ్లను అడగాలి. 2024 ఆగస్టు 2న ప్రభుత్వం అసెంబ్లీలో జాబ్ క్యాలెండర్ పెట్టింది. క్యాలెండర్ అంటే గోడకు తగిలించుకునేది కాదు, ఆ తేదీలకు పరీక్షలు జరగాలి. జరపలేకపోతే ఎందుకు జరపలేదో ఆ నెలలోనే చెప్పాలి. ఆర్టీసీ సిబ్బంది 43 వేల మందిని ప్రభుత్వ ఉద్యోగులను చేసే బిల్లు 2023 ఆగస్టు 6న శాసనసభలో పాసైంది. ఆ తర్వాత కూడా కార్మిక సంఘాలు అమలు తేదీ చెప్పమని అడుగుతూనే వచ్చాయి.

చదువుతున్న మీకూ ఒక మాట. మీ గదిలో కిరాయికుండే అభ్యర్థిని రిజల్ట్ సంగతి మీరు అడగకండి, వస్తే అతనే స్వీటు డబ్బాతో వస్తాడు. ఎవరి మాటలోనైనా బతకాలని లేదన్న జాడ వినిపిస్తే టెలీమానస్ నంబరు 14416 ఇవ్వండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ ఇంట్లో పనిచేసే ఆమెకు, మీ పిల్లలకు ట్యూషన్ చెప్పే నాన్‌బోర్డర్‌కు, వాచ్‌మన్‌కు జీతం ఐదుకో పదికో ఇచ్చే అలవాటుంటే ఈ నెల నుంచి మానేయండి. ఒకటో తారీఖున ఇవ్వండి.